హోస్ రెండో జత: ఈసారి క్రాస్ కటింగ్‌లో

మా గ్రూపు వేసేవి 1350 ప్రాంతపు ఇంగ్లండ్ వేషాలు. పైన తొడిగే ట్యూనిక్ పోయిన చలికాలమే పూర్తయింది. కాళ్ల దగ్గరే ఆగిపోయాను. మొదటి ఈవెంట్‌కి నల్ల లెగ్గింగ్స్‌తో వెళ్లాను గానీ మనసొప్పలేదు. అప్పటివాళ్లు కాళ్లకు వేసుకున్నది సాగే అల్లిక బట్ట కాదు, నేసిన ఉన్ని. అదీ ప్యాంటులా ఒకటే కాదు, కాలికొకటి చొప్పున రెండు విడి తొడుగులు. అవే హోస్. లోపల నార బట్టతో కుట్టిన వదులు నిక్కరు ఉంటుంది, దాన్ని బ్రేస్ అంటారు. దాని నడుం నాడాకే ఒక్కో తొడుగునూ ముందువైపు ముడేస్తారు. రెండు కాళ్లూ కలిపి కుట్టిన హోస్ వాడుక పెరిగింది 15వ శతాబ్దంలో. మా కాలానికి అది పనికిరాదు.

మొదటి జత బట్టను నిలువునా కత్తిరించాను. కూర్చోగానే మోకాలి వెనక కుట్టు పిగిలింది. ఫోన్లో అమ్మకి చూపిస్తే వెంటనే అడిగింది: "క్రాస్ వెయ్యలేదా నాన్నా?"

జాకెట్లు కుట్టే చెయ్యి కదా, ఇట్టే పట్టేసింది. లండన్ తవ్వకాల్లో దొరికిన 14వ శతాబ్దపు హోస్ ముక్కలూ అలా క్రాస్‌గా కత్తిరించినవే. పడుగుకీ పేకకీ 45 డిగ్రీల్లో ఏటవాలుగా కోస్తే నేత బట్టే సాగుతుంది, పిక్కను పట్టుకుంటుంది, మోకాలు వంగనిస్తుంది. బట్ట మాత్రం ఎక్కువ పోతుంది. నా జతకు మీటరున్నర పన్నాలో మీటరున్నర పట్టింది. కొన్న ఉన్నిని ముందే వేడినీళ్లలో ఉతికి ఆరేశాను, కుట్టాక కుదించుకుపోకుండా.

అన్నిటికన్నా కష్టం చీలమండ. నాకక్కడ చుట్టుకొలత 23 సెంటీమీటర్లు. మడమ నుంచి పాదం పైభాగం చుట్టూ కొలిస్తే 32. జిప్పులు లేని కాలం, ఆ మడమంతా ఆ సన్న మెడలోంచే దూరాలి. 28 దగ్గర ఉంచితే, లాగి తొడిగినప్పుడు బట్ట సాగి దిగింది. తర్వాత చీలమండ దగ్గర నాలుగు ముడతలు పడ్డాయి. వాటిని అలాగే వదిలేశాను.

కోరా బట్టతో చేసిన ట్రయల్ నన్ను తప్పుదారి పట్టించింది. దాంట్లో సరిగ్గా కుదిరిన కొలతే ఉన్నిలో వదులైంది, ఎందుకంటే నా ఉన్ని కోరా కన్నా బాగా సాగుతుంది. పిక్క దగ్గర 2 సెంటీమీటర్లు లోపలికి తీసుకున్నాను. ఇకపై ట్రయల్‌కి పాత ఉన్ని దుప్పటే వాడతాను.

కుట్టంతా చేత్తోనే, తేనెమైనం రాసిన నార దారంతో బ్యాక్ స్టిచ్. అతుకు కాలి వెనక మధ్యలో వస్తుంది. ముందు కచ్చా కుట్టు వేసి, తొడుక్కుని, గుంజిళ్లు తీసి చూశాకే గట్టి కుట్టు. మోకాలి కింద ఉన్ని పట్టీ కట్టాక జారడం ఆగింది.

కుడి కాలు అయిపోయింది. ఎడమ కాలికి నమూనా తిరగేసి పెట్టి, బట్ట కోసి ఉంచాను. నాడా కాజాలు రెండింటికీ చేత్తో చుట్టాలి. ఇనుప రింగులు వద్దనుకున్నాను, ఆ కాలానికి సరిపోవు. ఈ ఆదివారం ఎడమ పాదం భాగం మొదలుపెడతాను.