తుపానులో చల్లబడిపోయిన కోకో పెట్టె – ఆ గింజల్ని ఏం చేశామంటే

మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర ఊరు. కొబ్బరి తోటలో అంతరపంటగా కోకో వేసుకున్నాం. కొందరు పచ్చి గింజలనే అమ్మేస్తారు. మేం మాత్రం ఇంటి దగ్గరే పులియబెట్టి, ఎండబెట్టి అమ్ముతాం. శ్రమ ఎక్కువే అయినా ఆ పనంటే నాకు ఇష్టం. కాయలోంచి తీసినప్పుడు తెల్లటి గుజ్జులో జిగురుజిగురుగా ఉండే గింజ, వారం తిరిగేసరికి చాక్లెట్ వాసన దాచుకున్న గింజగా మారిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు ఒక లాట్, అంటే ఒకసారి పెట్టెలో పోసి పులియబెట్టే సరుకు, దెబ్బతింది. పాడైన గింజను ఏం చేయాలన్న విషయంలో ఆ రోజుల్లో మా ఇంట్లో జరిగినంత చర్చ ఎప్పుడూ జరగలేదు. మా తోటి రైతులకు పనికొస్తుందని రాస్తున్నాను.

మామూలుగా ఏం జరగాలో ముందు చెప్తాను. పచ్చి గింజల్ని చెక్కపెట్టెలో పోసి, పైన అరటాకులు కప్పి, గోనె సంచులు వేస్తాం. మొదటి రెండు రోజులు గాలి లోపలికి పోదు. గుజ్జులో ఉన్న తీపిని ఈస్ట్ తినేసి ఆల్కహాల్ చేస్తుంది, పెట్టె అడుగు నుంచి రసం కారుతుంది, పాకంతా కల్లు వాసన వస్తుంది. ఆ తర్వాత గింజల్ని తిరగేస్తాం. గాలి తగలగానే వేరే బ్యాక్టీరియా ఆ ఆల్కహాల్‌ని వెనిగర్‌గా మారుస్తుంది. అసలు వేడి పుట్టేది అప్పుడే. 45 నుంచి 50 డిగ్రీల దాకా వెళ్తుంది, లోపల చెయ్యి పెట్టి ఉంచలేం. ఆ వేడికీ పులుపుకీ గింజలోని మొలక చచ్చిపోతుంది. మొలక చచ్చాకే లోపలి వంగపండు రంగు గోధుమ రంగులోకి తిరగడం, చేదూ వగరూ తగ్గడం మొదలవుతాయి. ఇంత పనీ ఆ వేడి మీదే ఆధారపడి ఉంది.

తుపాను హెచ్చరికలు మొదలైనప్పుడు గాలికి రాలిపోకుండా పండిన కాయలన్నీ ముందే కోయించాం. పెట్టె మామూలుగా నిండేంత రాలేదు, సగం కంటే కొంచెం ఎక్కువ వచ్చింది. గింజ తక్కువైతే వేడి నిలవదని తెలుసు. కానీ చెట్టు మీద వదిలేస్తే మొత్తం పోయేది. అక్టోబరు 28 రాత్రి తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ గాలిలో పాక వైపు వెళ్లే పరిస్థితే లేదు. కొబ్బరి మట్టలు ఎటు నుంచి వచ్చి పడతాయో తెలియదు. తర్వాత కరెంటు లేదు, ముసురు వదల్లేదు. పాక కప్పు ఒక పక్క లేచిపోయి జల్లు లోపలికి కొట్టింది.

గోనె సంచులు తీసి చూస్తే లోపల వెచ్చగా కూడా లేదు. థర్మామీటర్ పెడితే మధ్యలో 34 డిగ్రీలు. కల్లు వాసన ఉంది కానీ వెనిగర్ ఘాటు లేదు. నాలుగు మూలల్లోనూ, పైవరసలోనూ తెల్లగా బూజు. కొన్ని గింజలకు మొలక మొన బయటికి వచ్చేసింది. మొలక వచ్చిన చోట గింజకు చిల్లు పడుతుంది, ఆ చిల్లులోంచి బూజూ పురుగూ లోపలికి దూరతాయి. మా ఆవిడ ఒక గింజ కొరికి చూసి ఉమ్మేసింది. "ఏవండీ, ఇది పచ్చి గింజకీ ఎండు గింజకీ మధ్యలో ఆగిపోయిందండీ" అంది. సరిగ్గా అంతే.

ఇక సలహాలు. పక్క తోట ఆయన వచ్చి, ఎలాగోలా ఎండబెట్టేసి గొడౌన్‌లో ఉన్న మంచి లాట్‌లో కొంచెం కొంచెంగా కలిపేయమన్నాడు. మా తోటలో పనికి వచ్చే పెద్దాయన గేదెలకు పెడదామన్నాడు. "ఆయ్, పులిసిందేగా అండీ, చిట్టు తిన్నట్టు తింటాయి" అన్నాడు. మా తమ్ముడైతే మొత్తం కాలవలో పోసేసి చేతులు కడుక్కోమన్నాడు. ముగ్గురూ నా మంచికే చెప్పారు.

ఆ రాత్రి ఫోన్‌కి సిగ్నల్ వచ్చాక అమెరికాలో ఉన్న మా మేనల్లుడు క్షేమం కనుక్కోవడానికి ఫోన్ చేశాడు. వాడు అక్కడ ఇంట్లో బీరు కాచుకుంటాడు. ఇక్కడ లైసెన్సు లేకుండా చేస్తే నేరం. అక్కడ మాత్రం ఇంటి వాడకానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. వాడికి బీరు పాడైన సందర్భాలు చాలానే ఉన్నాయి. పులియబెట్టే పని ఏదైనా ఒకటే కదా అని అడిగాను, "నీ బీరు చెడిపోతే ఏం చేస్తావురా?" అని.

"మావయ్యా, పారబోసే ముందు అది ఏమైందో చూస్తాను. చెడిపోవడంలో చాలా రకాలున్నాయి" అన్నాడు. వెన్న వాసన వస్తే ఈస్ట్ పని ఇంకా పూర్తవలేదని అర్థమట. ఉన్నదానికంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ వెచ్చగా పెట్టి మరికొన్ని రోజులు వదిలేస్తే ఆ వాసనను ఈస్టే మళ్లీ తినేస్తుంది. పులుపెక్కితే బ్యాక్టీరియా చేరిందన్న మాట. పెరుగు లాంటి పులుపైతే నెలల తరబడి ఉంచి చూస్తాడు, ఒక్కోసారి బాగానే తయారవుతుంది. వెనిగర్ పులుపైతే ఇక అది బీరు కాదు, వంటింట్లో వెనిగర్‌గా వాడుకోవాల్సిందే. బూజు పట్టిందంటే రెండో ఆలోచన లేకుండా పారబోస్తాడు. సీసాల్లో పోశాక గ్యాస్ పెరిగిపోతే సీసాలు పేలే ప్రమాదం ఉంది కాబట్టి వాటినీ ఉంచడు. "ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయను, చెడిన దాన్ని మంచి దాంట్లో కలపను. ఆ బ్యాక్టీరియా అందులోనూ బతుకుతుంది, రెండూ పోతాయి" అన్నాడు.

నాకు వాడి మాటల్లో బాగా పట్టింది మొదటిదే. నా పెట్టెలో ఉన్నది ఒకే సరుకు అనుకుంటున్నాను. నిజానికి అందులో రెండున్నాయి. మూలల్లోదీ పైవరసలోదీ బూజు పట్టిన గింజ. మధ్యలోది బూజు లేని, పని సగంలో ఆగిన గింజ. మొదటిదానికి చేసేదేం లేదు. రెండోదానికి వేడి అందితే ఇంకా ముందుకు వెళ్లే అవకాశం ఉంది.

తెల్లారాక పెట్టె ఖాళీ చేశాం. బూజు కనిపించిన చోటే కాకుండా దాని చుట్టూ జానెడు మేర గింజ కూడా తీసి పక్కన పెట్టాం. అది దాదాపు నాలుగో వంతు ఉంటుంది. మొలకొచ్చిన గింజలు కనిపించినవన్నీ ఏరి అందులోనే వేశాం. మధ్య గింజల్ని బాగా కలియబెట్టి గాలి తగిలించి, అరటాకులు పరిచిన పెద్ద గంపలోకి ఎత్తాం. దాన్ని పాకలో ఉంచకుండా వంటింటి మూలకి చేర్చి, చుట్టూ పొడి గోనె సంచులు, వాటి మీద పాత బొంతలు చుట్టాం. ఇల్లంతా పులిసిన వాసన. మా అమ్మ కూడా కాదనలేదు, అదే విశేషం.

మర్నాటికి 41 డిగ్రీలు వచ్చింది. వెనిగర్ ఘాటు ముక్కుకి తగిలినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. 45 మాత్రం రాలేదు. గుజ్జులో ఉన్న తీపి చాలావరకు ముందే అయిపోయింది, వేడి పుట్టడానికి ఇంక సరుకు లేదు. ఎప్పుడు ఆపాలన్నదే అప్పుడు టెన్షన్. ఎక్కువ రోజులు ఉంచితే కుళ్లు మొదలై అమ్మోనియా వాసన వస్తుంది, గింజ నల్లబడుతుంది, అది కూడా పనికిరాదు. రోజూ పూటపూటా రెండు గింజలు కోసి రంగు చూస్తూ, వెనిగర్ ఘాటు తగ్గుముఖం పట్టగానే తీసేశాం.

ఎండబెట్టడం ఇంకో పరీక్ష. మబ్బు వీడలేదు. కట్టెల పొయ్యి సెగ పెడదామని ఇంట్లో వాళ్లన్నారు. నేను వద్దన్నాను. కోకోలో కొవ్వు సగానికి పైగా ఉంటుంది, పొగ వాసన పట్టేస్తుంది, తర్వాత వేయించినా పోదు. అరుగు మీద బరకం వేసి పలచగా పరిచి, గంటకోసారి కదిపాం. ఎండ కాసినప్పుడల్లా కళ్లంలోకి, చినుకు పడగానే మళ్లీ అరుగు మీదికి. తేమ 7 శాతానికి దిగాలి, 8 దాటి నిల్వ చేస్తే మళ్లీ బూజే. పిడికిట్లో పట్టి నలిపితే గింజలు గలగలమని పొట్టు పగిలే దాకా వదల్లేదు.

ఎండాక కోత పరీక్ష చేశాం. అంతర్జాతీయ ప్రమాణంలో 300 గింజలు కోయమంటారు. మేం ఒక్కో కుప్పలోంచి వందేసి గింజలు తీసి, నిలువునా రెండుగా చీల్చి తెల్ల కాగితం మీద వరసగా పేర్చాం. లోపల గోధుమ రంగుంటే బాగా పులిసినట్టు. వంగపండు రంగుంటే సగం పులిసినట్టు. పలక రంగుంటే అసలు పులవనట్టు. మొదటి గ్రేడుకి బూజు గింజలు, పలక రంగు గింజలు రెండూ నూటికి 3 చొప్పున దాటకూడదు. రెండో గ్రేడుకి బూజు 4, పలక రంగు 8 దాకా ఒప్పుకుంటారు.

గంపలో బతికించిన కుప్పలో సగం గింజలు వంగపండు రంగులోనే ఉన్నాయి. పలక రంగువి 6, బూజువి 2. మిగతావి గోధుమ రంగు. రెండో గ్రేడు అన్నమాట. ఏరి పక్కన పెట్టిన కుప్ప కూడా పరీక్ష కోసం ఎండబెట్టాం. అందులో నూటికి 20కి పైగా లోపల బూజు.

పక్క తోట ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి అన్నీ కాదు, ఏరి పక్కన పెట్టినవి మాత్రం ఈ రెండో గ్రేడులోనైనా కలిపెయ్యమన్నాడు, పైకి ఏమీ తేడా కనిపించదు కదా అని. నిజమే, ఎండాక పైకి ఏం కనిపించదు. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. మూడు వంతులకు ఒక వంతు కలిపితే బూజు నూటికి 6 దాటుతుంది, ఉన్న గ్రేడు కూడా పోతుంది. మరి గొడౌన్‌లో ఉన్న మంచి సరుకులో చిటికెడు చొప్పున కలిపితే లెక్కకి అందకపోవచ్చు. కానీ బూజు రుచి వేయించినా, రుబ్బినా, పంచదార వేసినా చాక్లెట్‌లో తేలుతుంది. అంతకంటే ముఖ్యం, బూజు పట్టిన గింజలో ఓక్రాటాక్సిన్ అనే విషం పుట్టొచ్చు, అది మూత్రపిండాలకు హాని చేసేది, వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. చివరికి ఆ చాక్లెట్ తినేది ఎక్కువగా పిల్లలే. 2024లో ప్రపంచ మార్కెట్లో కోకో టన్ను 10 వేల డాలర్లు దాటింది, 2025లో బాగా దిగిపోయింది. రేటు పడిన ఏడాది కాబట్టి కిలో కిలోకీ ప్రాణం లాగుతుంది, నాకూ లాగింది. అయినా తినే వస్తువు విషయంలో ఆ లెక్క వేరుగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

గేదెల సంగతి కూడా పెద్దాయనకు విడమర్చి చెప్పాను. కోకోలో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. మనిషికి ఫర్వాలేదు గానీ పశువుల ఒంట్లో పేరుకుంటే ప్రమాదం, కుక్కలకైతే మరీ విషం. బూజు పట్టింది మరీ పెట్టకూడదు. కాలవలో పోయడం నాకు మనసొప్పలేదు, కింద ఊళ్ల వాళ్లు ఆ నీళ్లే వాడతారు. అందుకని తోట చివర గొయ్యి తీసి, పేడ, ఎండు అరటాకులు, ఈ గింజలు వరసలు వరసలుగా వేసి మట్టి కప్పాం. కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప వేశాం. ఎరువయ్యాక కొబ్బరి మొదళ్లకు పోస్తాం.

రెండో గ్రేడు సంచుల మీద మార్కర్‌తో రాసి, మంచి లాట్‌కి దూరంగా పెట్టాం. కొనే ఆయనకి ముందే ఫోన్ చేసి తుపాను లాట్ విడిగా ఉందని, సగం వంగపండు రంగని చెప్పాను. ఆయన వచ్చి తన చాకుతో తనే కోసి చూసుకున్నాడు, మీటర్ పెట్టి తేమ చూశాడు. సరిగ్గా పులియని గింజ రుచికి పనికిరాకపోయినా కొవ్వు తీయడానికి పనికొస్తుందని తీసుకున్నాడు. రేటు బాగా తగ్గించాడు, నేను బేరం ఆడలేదు. తర్వాత మంచి లాట్ సంచులు విప్పించి రెండు చోట్ల కోసి చూసి, దానికి మాత్రం ఆ రోజు రేటు పూర్తిగా కట్టాడు.