నల్లబడ్డ పెల్లెట్లు, నా పీహెచ్‌డీ

టైటానియం డయాక్సైడ్ అంటే గోడ పెయింట్లలో కలిపే తెల్ల పొడే. కరెంటు పారదు, అయస్కాంతానికి అంటుకోదు. బాగా వేడిచేసి అందులోంచి కాస్త ఆక్సిజన్ లాగేస్తే, పోయిన ఒక్కో పరమాణువూ రెండు ఎలక్ట్రాన్లను వదిలి వెళ్తుంది. వాటితో కరెంటు పారుతుంది. అదృష్టముంటే అయస్కాంత గుణమూ వస్తుందని నా ఆశ.

పొడిని స్టీలు డైలో, అంటే అచ్చులో నొక్కి, బిళ్ళల్లాంటి పెల్లెట్లు చేసి, గాల్లో 1200 డిగ్రీల్లో కాల్చాను. తర్వాత ట్యూబ్ ఫర్నేసులో 5 శాతం హైడ్రోజన్ కలిపిన ఆర్గాన్ పంపిస్తూ 1000 డిగ్రీల్లో ఆరు గంటలు. మొదటిసారి ఫర్నేసు ఇంకా చల్లారకముందే సిలిండర్ అయిపోయింది. నేను హాస్టల్లో నిద్రలో ఉన్నాను. పొద్దున చూస్తే పెల్లెట్ పాలిపోయి ఉంది. కోపమొచ్చి విరిచేశాను. పైన మీగడ రంగు పొర, లోపలంతా నలుపు! గాలి దూరి పైపైన మళ్ళీ ఆక్సిజన్ పట్టేసిందన్నమాట.

రెండోసారి పూర్తిగా చల్లారేదాకా గ్యాస్ ఆపలేదు. నీలం కలిసిన నలుపు వచ్చింది. అంతకుముందు 'ఓఎల్' (కొలవలేనంత నిరోధం) తప్ప ఇంకేమీ చూపని మల్టీమీటర్ వందల ఓమ్‌ల దగ్గర నిలబడింది. ఆ సాయంత్రం ల్యాబ్ అందరికీ సమోసాలు నా ఖర్చే.

అయస్కాంతత్వాన్ని కొలిచే వీఎస్ఎమ్ యంత్రంలో పెడితే సన్నటి లూప్ కూడా వచ్చింది, అంటే అయస్కాంత గుణానికి గుర్తు. గ్రాఫ్ పట్టుకుని పరిగెత్తాను. గైడ్ మేడమ్ చూసి, "కాల్చని తెల్లది పెట్టి చూశావా?" అన్నారు. చూడలేదు. పెట్టాను. దానికీ అదే లూప్!

2004లో హాఫ్నియం ఆక్సైడ్ పొరల్లో అయస్కాంతత్వం ఉందని 'నేచర్'లో వచ్చింది. మరుసటి ఏడాది ఐబీఎం వాళ్ళు చేసిన పొరల్లో ఏమీ కనబడలేదు, స్టీలు పట్టకారుతో పట్టుకున్నప్పుడు మాత్రం అలాంటి సిగ్నలే వచ్చింది. ఇది నేను చదివిందే. అయినా నా చేతిలో ఉన్నదీ స్టీలు పట్టకారే, పెల్లెట్ అంచులు రాసుకున్నదీ స్టీలు డైనే.

ప్లాస్టిక్ పట్టకారు కొన్నాను. అంచులు గీకి, పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కడిగి మళ్ళీ కొలిస్తే తెల్లదాంట్లో లూప్ మాయం. నల్లదాంట్లో మిగిలింది ఎంతంటే, దాని మీద ఒక అధ్యాయం రాసే ధైర్యం నాకు లేదు.

థీసిస్ టైటిల్లోంచి 'అయస్కాంత' తీసేయాలంటే కమిటీ సంతకాలు, ఫీజు, ఆరు వారాలు.