జేబులోనే ఉంటాలే మామా

పదకొండున్నర దాటింది, నిద్ర రావడం లేదు. మధ్యాహ్నం కొర్లగుంటలో అక్క పిల్లలతో ఆట సగంలో ఆగిపోయింది. తలా ఒక పాత్రయి, పాచికలు వేస్తూ కథలో ముందుకు పోయే ఆట, నడిపేది నేను. గొడవేం లేదు. పాప "సరేలే మామా, నేను అన్న జేబులోనే ఉంటాలే" అని మురుకుల డబ్బా తీసుకుని టీవీ ముందుకు పోయింది. అలిగినా బాగుండేది. మామూలుగా చెప్పిపోయింది.

వాలఖిల్యులను ఆటలోకి తేవాలన్న సరదా నాదే. అవ్వ చెప్పేది కదా, బొటనవేలంత మునులు అందరూ కలిసి ఒక్క మోదుగపుల్ల మోసుకుపోతూ, ఆవు గిట్ట పడిన గుంటలో నీళ్ళు దాటలేక అవస్థ పడుతుంటే ఇంద్రుడు నవ్వాడని. ఆ నవ్వుకే వాళ్ళు ఇంకో ఇంద్రుణ్ణి పుట్టించాలని యజ్ఞం మొదలుపెట్టారు. అది విని పాప "నాకు ఆ సైజే కావాలి" అంది. పావుగా అలసంద గింజ పెట్టుకుంది. దానికి ముందే కన్నుంది కదా, గీసే పని లేదంట. వాళ్ళన్న పెద్దోడిది గొడ్డలి వీరుడి పాత్ర, దానికి పావు చెస్ రాజు.

రూల్స్ దగ్గరే చెడింది. చార్టు మీద ఒక గడి అంటే 5 అడుగులు. ఇట్లాంటి ఆటల్లో పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ లెక్కలో టైనీ, అంటే అన్నిటికంటే చిన్న సైజు వాళ్ళకు రెండున్నర అడుగుల చోటు చాలు, మోసే బరువు సగం. అలాంటిదే ఇంకో ఆట పాత్‌ఫైండర్‌లో అయితే స్ప్రైట్‌లనే బుల్లి జీవుల చెయ్యి పక్క గడికి అందదు, శత్రువు నిలబడిన గడిలోకే దూరి పొడవాలి. అంతా నిజంలా ఉండాలని నేను రెండూ కలిపి పెట్టాను. పాప తలుపు తీయలేకపోయింది, తాడు లాగలేకపోయింది. రెండు గంటల్లో తన వంతు వచ్చినప్పుడల్లా నా నోట వచ్చింది "కుదరదమ్మా" ఒక్కటే.

అసలు నాకు ఒళ్ళు మండింది పాప వాలఖిల్యుడు గోడ మీద నుంచి దూకినప్పుడు. పుస్తకంలో 10 అడుగులకు ఒక ఆరు ముఖాల పాచిక దెబ్బ. రాక్షసుడికీ అంతే, వాలఖిల్యుడికీ అంతే. ఎలుక మిద్దె మీద నుంచి పడితే దులుపుకుని పోతుంది కదా! ఎత్తు పదో వంతయితే కండబలం నూరో వంతుకు తగ్గుతుంది, బరువు మాత్రం వెయ్యో వంతుకు పడిపోతుంది. 50 కిలోల మనిషి 50 గ్రాములవుతాడు. 50 కిలోలు ఎత్తగలిగినవాడు అరకిలో ఎత్తుతాడు, అంటే తనలాంటోళ్ళను పదిమందిని. వాడి లోకంలో వాడు భీముడు. చిన్నోళ్ళకు కోత పెట్టేటప్పుడు గుర్తుండే లెక్క, లాభం ఇచ్చేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. నాకూ గుర్తు రాలేదు, పాచిక వేయించింది నేనే.

పెద్దోడు "సైజు బొమ్మకే మామా, నంబర్లు అందరికీ ఒకటే పెట్టు" అన్నాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్ళు 2021లో ఫెయిరీలను ఆడుకోడానికి ఇచ్చినప్పుడు కూడా టైనీ చేయకుండా, ఒక మెట్టు పెద్దదైన స్మాల్ సైజు చేసేశారని సాక్ష్యం. నిజమే గానీ, నాకు నచ్చలేదు. ఆ మాత్రానికి బొటనవేలంత ఎందుకు, పొట్టోడంటే సరిపోయేది.

జేబు అనేసరికి గరుడ సేవ గుర్తొచ్చింది. నాకు ఆరేళ్ళు. మాడవీధిలో నాకు కనిపించేవి నడుములు, చీర కుచ్చిళ్ళు, ఎవరి సంచిలోంచో పొడుచుకొచ్చిన టెంకాయ పీచు. అది నా చెంపకే గీసుకుంటోంది. ఏడుపందుకుంటే నాయన ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. వాహనం వచ్చే సమయానికి ఆయన ముందర ఒక పొడుగు మనిషి, ఆయన పైన ఇంకెవరో పిల్లోడు. నాయనకు ఏమీ కనబడలేదు. నేనే "కుడికి నాయనా, ఇంకొంచెం" అంటూ చెవి పట్టి లాగాను. లాగిన వైపల్లా తిరిగాడు పాపం. ఇంటికొచ్చాక అవ్వ "స్వామి ఎట్లున్నాడ్రా" అని నాయనను అడిగితే, "వాణ్ణడుగు, చూసింది వాడే" అన్నాడు.

అంటే పాప అన్నది తప్పు మాట కాదేమో. జేబు బదులు భుజం ఇవ్వాలి. పెద్దోడు ఎటు తిరగాలో పాప చెప్పాలి, చూసేది పాప కాబట్టి. స్ప్రైట్‌లకు కార్గీ కుక్క మీద స్వారీ చేసే ఫీట్, అంటే ప్రత్యేక విద్య ఉంది, దాన్నే అన్నకు తగిలించొచ్చు. దూకితే దెబ్బ తీసేస్తా.

కానీ పెద్దోడు చెవి లాగనిస్తాడా? కార్గీవి నువ్వే అని చెప్పే ధైర్యం నాకైతే లేదు.

ఇప్పుడే అక్క ఫొటో పంపింది. పెద్దోడి చొక్కా నానబెడితే జేబులో అలసంద గింజ దొరికిందంట. నాని రెండింతలైంది. పారేయనా అని అడిగింది. వద్దు, పాపకు చూపించమన్నాను. ఇక సైజు పెరిగిందని కొత్త పేచీ.