జంస్కార్ నడక: 4,000 మీటర్ల పైన ఉడకని కందిపప్పు

హిమాచల్ ప్రదేశ్‌లోని దార్చా దగ్గర మొదలుపెట్టి షింగో లా కనుమ దాటి, లడఖ్‌లోని జంస్కార్ ప్రాంతంలో లుంగ్‌నాక్ లోయ వెంట పదుమ్ చేరి, అక్కడి నుంచి హనుమిల్, లింగ్‌షెద్, ఫోతోక్సర్ ఊళ్ల మీదుగా లామయూరులో నడక ముగించాము. జిస్పాలో రెండు రాత్రులు ఆగి ఒంటిని ఎత్తుకు అలవాటు చేసుకున్నందువల్ల మా ముగ్గురిలో ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు, కనుమలన్నీ ఉదయం పూట నిర్మలమైన ఆకాశం కిందనే దాటాము. కాని మామూలు మూతగిన్నెలో కందిపప్పును ముద్దపప్పుగా ఉడికించాలన్న ప్రయత్నం మాత్రం చివరి విడిది దాకా నెగ్గలేదు. దాని కొలతలన్నీ రాసిపెట్టుకున్నాను కనుక ముందుగా అదే వివరంగా రాస్తాను.

కుక్కరు వద్దనుకోవడానికి కారణం బరువు. సామాను మొత్తం మా వీపుల మీదే ఉంది, చిన్న కుక్కరైనా మూతతో కలిపి కిలో దాటుతుంది, పైగా సంచిలో సగం చోటు మింగుతుంది. అందుకని పొద్దున్నే పప్పును వెడల్పు మూతి నాల్జీన్ సీసాలో నానబోసి, నడిచినంతసేపూ నాననిచ్చి, సాయంత్రం కొద్దిసేపు ఉడికించి, ఆ తర్వాత గిన్నెను వెండిరేకు పూత ఉన్న బుడగల షీటుతో కుట్టిన సంచిలో పెట్టి మిగిలిన వేడితోనే మగ్గించాలని ఏర్పాటు చేసుకున్నాను. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో, నీళ్లు 98 డిగ్రీల దగ్గర మరిగే మా ఇంట్లో, ఈ పద్ధతి చక్కగా పనిచేసింది. 60 గ్రాముల పప్పు రెండు గంటలు నాని, ఇరవై నిమిషాలు ఉడికి, అరగంట సంచిలో మగ్గాక, గరిటె వెనక వైపుతో నొక్కితే పూర్తిగా మెదిగింది.

షింగో లాకు ఇవతల రామ్‌జాక్ విడిదిలో వేసిన మొదటి గిన్నెలోనే తేడా తెలిసింది. నీళ్లు 85.5 డిగ్రీల దగ్గరే తెర్లడం మొదలుపెట్టాయి. పొద్దున 60 గ్రాములున్న పప్పు సాయంత్రానికి 112 గ్రాములయింది కాబట్టి నానడంలో లోపం లేదు. సన్నని మంట మీద ఇరవై అయిదు నిమిషాలు ఉడికించి నలభై నిమిషాలు సంచిలో ఉంచాను. మూత తీసేసరికి పైన పసుపు పచ్చని నీళ్లు తేటగా నిలిచి ఉన్నాయి, అడుగున బద్దలు వేటికవి విడివిడిగా, అంచులు కూడా చెదరకుండా ఉన్నాయి. ఒక బద్దను వేళ్ల మధ్య నలిపితే పై పొర జారిపోయింది గాని, నడుమ తెల్లని పలుకు గట్టిగా తగిలింది. ఉప్పు, చింతపండు ముందుగా వేస్తే పప్పు బిరుసెక్కుతుందని మన వంటిళ్లలో అంటుంటారు కాబట్టి, అవేవీ గిన్నెలో పడలేదు. సంచిలో నుంచి తీసినప్పుడు పప్పు వేడి 68 డిగ్రీలు ఉంది. ఆ వేడిలో పప్పు మెత్తబడడం దాదాపు ఆగిపోతుంది కాబట్టి, ఆ నలభై నిమిషాల్లో చివరి సగం వృథా అయినట్టే.

కనుమకు అవతల లఖంగ్‌లోనూ ఇదే ఫలితం వచ్చింది, కాకపోతే అక్కడ నీళ్లు 85 డిగ్రీలు కూడా అందుకోలేదు. మరునాడు గుంబోక్ రంగన్ నిలువు బండ కింద నడుస్తున్నంతసేపూ నేను ఆలోచించింది నీటి గురించే. లఖంగ్‌లో రాతి సందుల నుంచి వచ్చే ఊటనీళ్లు వాడాను, ఆ నీళ్లు మరిగిన గిన్నె అంచున సన్నని తెల్లని గీత మిగిలింది. సున్నం ఎక్కువగా ఉన్న నీళ్లలో పప్పు ఉడకదన్నది బోరునీళ్ల ఊళ్లలో పెరిగినవారికి కొత్త కాదు. పప్పు కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే పెక్టిన్‌ను నీటిలోని కాల్షియం ఇంకా బిగిస్తుంది.

కర్గ్యాక్‌లో దీన్ని తేల్చుకోవాలని రెండు చిన్న సీసాల్లో సబ్బు తురుము సమంగా వేసి, ఒకదానిలో ఊటనీళ్లు, రెండోదానిలో మంచు కరిగి వచ్చే వాగు నీళ్లు పోసి కుదిపాను. వాగు నీళ్లలో నురగ నిలబడింది. ఊటనీళ్లలో నురగ రాకుండా విరిగిన పాలలాంటి తెట్టు తేలింది. ఒండ్రు అడుగున పేరుకునే దాకా వాగు నీళ్లను రాత్రంతా కదల్చకుండా ఉంచి, పొద్దున పై తేట మాత్రం తీసుకుని అందులోనే పప్పు నానబెట్టి ఉడికించాను. బద్ద అంచులు విడిపోయాయి, నీళ్లు కాస్త చిక్కబడ్డాయి, పలుకు మాత్రం అలాగే ఉంది. సున్నం కొంత అడ్డుపడుతోంది, కాని అసలు అడ్డంకి అది కాదని అప్పుడు అర్థమైంది.

మిగిలిన అనుమానం పప్పు మీద. పాతబడిన పప్పు ఎంత నానినా ఉడకదు. నేను తీసుకెళ్లింది 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది, అదీ నడకకు వెళ్లిన ఏటి పంట. అయినా పుర్నేలో మేము దిగిన ఇంటి ఆమా-లే (అమ్మగారు) వంటగదిలో కుక్కరు కనబడగానే అడిగి, అదే సంచిలోని పప్పును, అదే పాళ్లలో, ఆమె కుక్కరులో పెట్టాను. నాలుగు విజిళ్లకు పప్పు వెన్నలా మెదిగింది. పప్పులో ఏ దోషమూ లేదని రుజువైపోయింది.

కుక్కరు అంత ఎత్తున ఎందుకు పనిచేస్తుందో లెక్క వేసి చూస్తే తేలిగ్గానే తెలుస్తుంది. దాని మూత మీది విజిల్ బరువు బయటి గాలి ఒత్తిడికి అదనంగా సుమారు ఒక వాతావరణ పీడనం (దాదాపు 100 కిలోపాస్కల్స్) దాకా ఆవిరిని పట్టి ఉంచుతుంది. 4,200 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సుమారు 60 కిలోపాస్కల్స్ మాత్రమే కాబట్టి కుక్కరు లోపల మొత్తం 160 దాకా వస్తుంది, నీళ్లు 113 డిగ్రీల వరకు వేడెక్కుతాయి. మైదానంలో ఇది 120. అంటే కొండ మీద కుక్కరు ఏడు డిగ్రీలు పోగొట్టుకుంటే, మూతగిన్నె పద్నాలుగు డిగ్రీలు పోగొట్టుకుంటుంది, అదీ పప్పుకు ప్రతి డిగ్రీ అవసరమైన చోట. పది డిగ్రీలు తగ్గితే ఉడికే వేగం సగం అవుతుందనే మోటు లెక్కను పట్టుకున్నా, ఇంట్లో ఇరవై నిమిషాలు పట్టిన పప్పుకు ఇక్కడ దాదాపు యాభై నిమిషాలు పట్టాలి. నేను చూసినదాన్ని బట్టి పప్పుల విషయంలో దెబ్బ అంతకంటే గట్టిగానే ఉంది, రెండు గంటలైనా పడుతుందని నా అంచనా. నా స్టవ్ సన్నని మంటకు గంటకు డెబ్బయి అయిదు గ్రాముల గ్యాస్ తాగుతుంది. 230 గ్రాముల డబ్బాలో సగానికి పైగా ఒక్క పూట పప్పుకు పోయడం ఎవరికీ సాధ్యం కాదు.

పప్పు మెత్తబడడానికి వంటసోడా వేసే సంగతి కూడా పుర్నేలోనే తేలిపోయింది. అక్కడ వెన్న టీలో రంగు కోసం సోడా వేస్తారు కాబట్టి ఇంట్లోనే దొరికింది. 60 గ్రాముల పప్పుకు అర గ్రాము కలిపితే మూతగిన్నెలోనే బద్దలు కరిగి చిక్కబడ్డాయి, నడుమ పలుకులు కొన్ని మిగిలాయి. కాని ఆ సబ్బు వాసనను నెయ్యి, ఇంగువ కూడా కప్పలేకపోయాయి. చాలామంది సోడాను సిఫారసు చేస్తుంటారు, నేను చేయను.

ఫుగ్తాల్ గుహ గోంపాను (బౌద్ధ మఠాన్ని) చూసి వచ్చి, పదుమ్‌లో సరుకులు నింపుకుని ముందుకు సాగాము.

లింగ్‌షెద్‌లో మరో మార్గం ప్రయత్నించాను. లీటరుకు పది గ్రాముల చొప్పున ఉప్పు వేసిన నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మంచి నీళ్లలో ఉడికించాను. ఉడికేటప్పుడు ఉప్పు వేయకూడదన్న మాటకు ఇది విరుద్ధంగా కనిపించినా, నానేటప్పుడు ఉప్పులోని సోడియం పప్పులోని కాల్షియం స్థానంలోకి చేరుతుందన్న వాదన ఉంది. ఫలితం కర్గ్యాక్ కంటే స్పష్టంగా మెరుగు, వాసన ఏమీ లేదు. ఫోతోక్సర్‌లో దీనికి తోడు మగ్గబెట్టే సంచి మీద ఈకల జాకెట్టు చుట్టి, నడుమ ఒకసారి గిన్నె తీసి మళ్లీ తెర్లించి పెట్టాను. నలభై నిమిషాల తర్వాత కూడా వేడి 78 డిగ్రీలుంది. మొత్తం నడకలో మూతగిన్నె పప్పుల్లో ఇదే మేలైనది. పలుచని పప్పుచారుకు సరిపోతుంది, ఆవకాయ కలుపుకుని తినే ముద్దపప్పుకు సరిపోదు.

మైసూరు పప్పు తీసుకెళ్తే సరిపోయేది కదా అని తోటి నడకవాళ్లు చెబుతుంటారు. అది కర్గ్యాక్‌లో పదిహేను నిమిషాలకే ఉడికింది, పెసరపప్పు కూడా వేయించి వేస్తే ఇబ్బంది పెట్టలేదు. అయినా వారాల తరబడి నడిచేటప్పుడు సాయంత్రం కంచంలో కందిపప్పు ఉండడం వేరే సుఖం, దాన్ని వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను. అన్నం, ఉప్మా, అటుకులు మూతగిన్నెలో ఏ ఇబ్బందీ లేకుండా అయ్యాయి.

గ్యాస్ గురించి ఒక మాట చెప్పాలి. మనాలీలో ఒక దుకాణంలో కొన్న, మళ్లీ నింపిన డబ్బాలు సగం ఖాళీ అయ్యేసరికి తెల్లవారుజామున మంట తగ్గి చిన్న మొగ్గలా మిగిలేది, డబ్బా ఒంటి మీద తెల్లని మంచు పేరుకునేది. ప్రొపేన్ కలవని వట్టి బ్యూటేన్ నింపి ఉంటారని నా అనుమానం. డబ్బా అడుగున వెడల్పు పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పెడితే మంట మళ్లీ లేచేది. సీలు వేసిన కొరియా డబ్బాలు, కోవియా స్టవ్ మాత్రం చలిలోనూ నిలకడగా మండాయి. ధర ఎక్కువైనా వాటినే కొంటాను.

ఈ లోయల్లో దారి కూడా మారిపోతోంది. నిమ్ము, పదుమ్, దార్చాలను కలిపే రోడ్డు 2024 మార్చిలో పూర్తిగా కలిసింది, షింగో లా కింద 4.1 కిలోమీటర్ల సొరంగానికి అదే ఏడు జూలైలో మొదటి పేలుడు జరిగింది, సింగే లా మీదుగా కూడా వాహనాలు తిరుగుతున్నాయి. శీతకాలంలో లోయ మూసుకుపోయే ఊళ్లకు ఈ రోడ్డు ఎంతో అవసరం. నడిచేవాళ్లు మాత్రం దుమ్ము పడని పాత గుర్రపు బాటలను వెదుక్కోవాలి, ఫుగ్తాల్ వైపు, హనుమా లా వైపు అవి ఇంకా బాగున్నాయి.

కందిపప్పుకు దారి చూపింది పుర్నే ఆమా-లే పెట్టిన పాబా. బార్లీ, బఠాణీలను పొడిగా వేయించి, రంతక్ అనే నీటి తిరగలిలో పిండి చేసి, మరిగే నీళ్లలో కెలికితే కొద్ది నిమిషాల్లో ముద్ద తయారవుతుంది. పెరుగులో ఆకుకూర కలిపిన తంగ్తుర్‌తో తింటారు. బాణలిలో పొడిగా వేయించేటప్పుడు గింజ నూరు డిగ్రీలు ఎప్పుడో దాటిపోతుంది, నీళ్లు ఎంత దగ్గర మరుగుతాయన్నదానితో దానికి పని లేదు. అసలు ఉడకడమంతా వేయించడంలోనే జరిగిపోతోంది. మన కందిపొడి కూడా ఇదే పద్ధతి కదా!

వచ్చే వేసవిలో స్పితిలోని కిబ్బర్ నుంచి సుమారు 5,580 మీటర్ల పరాంగ్ లా దాటి, పరే చూ నది వెంట త్సో మొరిరి సరస్సు ఒడ్డున ఉన్న కోర్‌జోక్ దాకా నడవాలని అనుకుంటున్నాము. కనుమ దాటాక చాలా దూరం ఇల్లన్నది లేదు కాబట్టి అరువు కుక్కరు దొరికే ఆశ లేదు, గ్యాస్ లెక్క తప్పకూడదు. అందుకు రెండు రకాల పప్పు సిద్ధం చేస్తాను. ఒకటి, దోరగా వేయించి గోధుమరవ్వంత బరకగా విసిరిన కందిరవ్వ. రెండోది, ఇంట్లో హాకిన్స్ కుక్కరులో మెత్తగా ఉడికించి, పళ్లెం మీద పలుచగా పరిచి, 60 డిగ్రీల దగ్గర గలగలలాడే దాకా ఆరబెట్టి, చిదిమి పొడి చేసిన పప్పు. మొదటిదానికి పది నిమిషాల ఉడుకు, రెండోదానికి మరిగే నీళ్లు పోసి మూతపెట్టడం చాలాలని లక్ష్యం. బయలుదేరే ముందు ఇంట్లోనే నీళ్లను 84 డిగ్రీల దగ్గర నిలిపి రెండింటినీ పరీక్షిస్తాను. ఒక్కొక్కటి 60 గ్రాముల పొట్లాలుగా కట్టి, కిబ్బర్‌లో వేయించినదాన్ని, కనుమ అవతల ఆరబెట్టినదాన్ని వాడతాను. రెంటికీ తాండూరు కందే తీసుకుంటాను, నానబెట్టే సీసాను మాత్రం ఈసారి నీళ్లకే ఉంచుతాను.