వైరు, లేజర్, పలుచని గొట్టం: ఎత్తు అదుపులోకి వచ్చింది

స్టెయిన్‌లెస్ స్టీలు వైరును లేజర్‌తో కరిగిస్తూ, పొర మీద పొర వేసి గొట్టం కడుతున్నాను. మొన్నటి వరకు గోడ కొంత దూరం నున్నగా లేచి, ఆ పైన గడ్డలు కట్టేది. ఇప్పుడు 60 మి.మీ. వ్యాసం గొట్టం అడుగు నుంచి పై అంచు దాకా ఒకే మందంతో వస్తోంది. ఈ మార్పు ఎలా వచ్చిందో లెక్కలతో సహా రాస్తున్నాను.

ముందుగా అమరిక. 0.8 మి.మీ. 308ఎల్ (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు) వైరు, 1070 నానోమీటర్ల ఫైబర్ లేజర్, రక్షణ వాయువుగా ఆర్గాన్. వైరు పక్క నుంచి వస్తుంది కాబట్టి దిశ మారితే కరిగే తీరు మారిపోతుంది. అందుకే లేజర్‌నూ వైరునూ పట్టుకునే హెడ్‌ను పక్కలకు కదిలించకుండా కింద తిరిగే బల్ల పెట్టాను. గోడ ఎటు తిరిగినా వైరు ఎప్పుడూ కరిగిన మడుగు ముందు అంచులోకే దిగుతుంది. హెడ్ చుట్టుకు 0.5 మి.మీ. చొప్పున స్క్రూ మర చుట్టులా నిదానంగా పైకి లేస్తుంది. దీనివల్ల ప్రతి పొరకూ ఆగి మళ్లీ మొదలుపెట్టాల్సిన పని లేదు.

ఇక అసలు లెక్క. వైరు అడ్డుకోత వైశాల్యం 0.5 చ.మి.మీ. అది సెకనుకు 15 మి.మీ. దిగుతుంటే, గోడ సెకనుకు 10 మి.మీ. కదులుతుంటే, పడే లోహపు వరుస అడ్డుకోత వైశాల్యం 0.75 చ.మి.మీ. వైరుకు బదులు లోహపు పొడితో చేసే పద్ధతిలో కొంత లోహం మడుగులో పడకుండా చెదిరిపోతుంది. వైరులో ఆ నష్టం దాదాపు ఉండదు, దిగినదంతా గోడలోకే చేరుతుంది. కాబట్టి గోడ మందం 1.5 మి.మీ. ఉంటే పొర ఎత్తు 0.5 వచ్చి తీరాలి. మందం 1.8కి పెరిగిందంటే ఎత్తు 0.42కి పడిపోతుంది. హెడ్ మాత్రం 0.5 చొప్పునే లేస్తుంటుంది. చుట్టుకు 0.08 లోటు, పది చుట్లకు 0.8. అంటే వైరు వ్యాసమంత ఖాళీ.

ఆ ఖాళీలో జరిగేదాన్ని కెమెరాలో దగ్గరగా చూడాలి. అంతవరకు వైరు కొనకూ మడుగుకూ మధ్య ఉన్న కరిగిన లోహపు వంతెన సన్నబడి తెగుతుంది. వైరు కొన ఉబ్బి, బొట్టుగా వేలాడి, రాలుతుంది. రాలిన చోట ఆవగింజంత గడ్డ. తర్వాతి చుట్టులో వైరు వచ్చి ఆ గడ్డకే తగిలి వంగుతుంది.

మందం పెరగడానికి కారణం వేడి. మొదటి చుట్లలో కింది మందపాటి పలక వేడిని లాగేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ వేడి పోవడానికి ఆ సన్నని గోడ ఒక్కటే దారి. ఈ వేగంతో వైరును కరిగించడానికి నిజానికి దాదాపు 70 వాట్లు చాలు. నేను మొదలుపెట్టేది 600 వాట్లతో. అందులో చాలా భాగం లోహం మీద పడి వెనక్కి పోతుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గోడలోకీ పలకలోకీ వెళ్తుంది. కాబట్టి గోడ పరిస్థితి మారితే శక్తి మారక తప్పదు.

అందుకే రెండు నియంత్రణలు పెట్టాను. మొదటిది మడుగు వెడల్పు. లేజర్ కాంతిని ఆపే ఫిల్టరు వెనుక కెమెరా వెడల్పును కొలుస్తుంది, దాన్ని బట్టి శక్తి తగ్గుతుంది. పై చుట్లకు వచ్చేసరికి అది 400 వాట్ల దగ్గర నిలుస్తోంది. కెమెరాలో ఎక్స్‌పోజర్‌ను (లోపలికి తీసుకునే వెలుతురు మోతాదును) తప్పనిసరిగా స్థిరపరచాలి. తనంతట తాను సర్దుకునే ఎక్స్‌పోజర్‌తో మడుగు పెరిగినా పెరగనట్టే కనిపిస్తుంది. గోడ చల్లారాక వెర్నియర్‌తో కొలిచి కెమెరా అంకెను సరిచూసుకోవాలి.

రెండోది ఎత్తు. నాకు బాగా నచ్చిన భాగం ఇదే. హెడ్‌కు సరిగ్గా ఎదురుగా, 180 డిగ్రీల అవతల, దూరాన్ని కొలిచే సెన్సర్ బిగించాను. ఒక చుట్టుకు సుమారు 19 సెకన్లు పడుతుంది కాబట్టి, ఏ చోటైనా హెడ్ కిందికి మళ్లీ రావడానికి 9 సెకన్ల ముందే దాని ఎత్తు తెలిసిపోతుంది. పల్లంగా ఉన్న చోట వైరు వేగం పెరుగుతుంది, మెరకగా ఉన్న చోట తగ్గుతుంది, ఎటైనా పది శాతం దాటకుండా. లోటు మొత్తాన్ని ఒకే చుట్టులో పూడ్చాలని చూస్తే గోడ అలలుగా లేస్తుంది. సగం లోటునే సరిదిద్దితే నెమ్మదిగా సమమవుతుంది. పొర ఎత్తును కొలిచి తర్వాతి పొరలో వైరు వేగాన్ని మార్చే పద్ధతిపై స్వీడన్‌లోని యూనివర్సిటీ వెస్ట్ పరిశోధకులు 2012లోనే పరిశోధన ప్రచురించారు. దాన్ని తిరిగే బల్లకు అన్వయించుకోవడం తేలిక.

వైరును ముందుకు నెట్టే ఫీడర్ రోలర్లలో వైరు జారితే ఈ లెక్కంతా వృథా. మోటారుకు ఇచ్చిన ఆదేశాన్ని నమ్మకుండా, వైరు మీదే ఆనే చిన్న చక్రానికి ఎన్‌కోడర్ (తిరుగుడును కొలిచే పరికరం) పెట్టి అసలు వేగాన్ని చదవాలి. ముగింపులో ముందు వైరును వెనక్కి లాగి, ఆ తర్వాతే లేజర్ ఆపాలి. లేకపోతే వైరు గోడలో గడ్డకట్టి ఇరుక్కుంటుంది.

భద్రత విషయంలో రాజీ వద్దు. ఇది కంటికి కనిపించని నాలుగో తరగతి లేజర్, మామూలు వెల్డింగ్ అద్దం దీనికి పనికిరాదు. చుట్టూ మూసిన పెట్టె, తలుపు తెరిస్తే లేజర్ ఆగిపోయే స్విచ్, క్రోమియం, నికెల్ ఉండే పొగను లాగేసే ఫ్యాను, అన్నీ ఉండాలి. ఆర్గాన్ గాలికన్నా బరువు, మూసిన చోట కింద పేరుకుంటుంది కాబట్టి గదిలో గాలి ఆడాలి.

తర్వాతి ప్రయత్నం పైకి వెళ్లేకొద్దీ విచ్చుకునే గరాటు ఆకారం. వ్యాసం పెరిగేకొద్దీ బల్ల తిరిగే వేగం తగ్గాలి, వాలు గోడ మీద మడుగు బయటివైపు జారకుండా పొర ఎత్తును 0.4కి దించాలి. ప్రోగ్రాములో మొదటి భాగం రాయడం పూర్తయింది.