పానగల్లు చెరువు, ఒక పాలపిట్ట, నా కుట్టు మిషన్

పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చుని ఉంటే దాని కిందుగా ఎన్ని బండ్లు పోయినా ఒక్కరు తలెత్తి చూడరు. ఛాతీ మట్టి రంగు, వీపు మాసిన గోధుమ రంగు. రెక్క విప్పినప్పుడే దసరా నాడు జనం దాన్ని వెతుక్కుంటూ ఊరి బయటికి ఎందుకు పోతారో అర్థమవుతుంది. అందుకే పాలపిట్టను కుట్టాలనుకున్నప్పుడు ముందు తేల్చుకోవాల్సి వచ్చింది ఒక్కటే: కూర్చున్న పిట్టా, ఎగిరే పిట్టా?

మా ఆడబిడ్డ మిర్యాలగూడలో ఇల్లు కట్టుకుంది. హాల్లో పెద్ద గోడ ఖాళీగా ఉందట. "వదినా, ప్రింటు సీనరీలు నాకొద్దు. నువ్వే ఏదన్న కుట్టియ్యి. నెమలైతే మంచిగుంటది" అంది. నెమలి తప్ప ఏదైనా కుడతానన్నాను. నల్లగొండలో టైలరింగ్ చేసే ఏ ఆడమనిషిని అడిగినా ఇదే చెప్తుంది. మగ్గం వర్కు బ్లౌజుల వీపుల మీద కుట్టిన నెమళ్ళకు లెక్కే లేదు, కళ్ళు మూసుకున్నా అవే కనిపిస్తాయి. పాలపిట్ట పేరు చెప్తే కాసేపు ఆలోచించింది. "మన రాష్ట్ర పక్షే గదా, మంచిదే. కానీ అంత పెద్ద గోడకు గంత చిన్న పిట్టనా?" "పిట్ట చిన్నదే. దాని చుట్టూ చెరువును పెడత" అన్నాను.

చెరువంటే మాకు పానగల్లు చెరువే. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి కట్ట, పేరు ఉదయ సముద్రం. ఇప్పుడు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు (ఏఎమ్మార్పీ) కాలువలో వచ్చే కృష్ణా నీళ్ళతో నింపుతున్నారు. ఒడ్డున కొంగలు, తీగల మీద లకుముకి పిట్టలు, చేన్ల వైపు పాలపిట్టలు. పొద్దున్నే కట్ట మీద నిలబడి ఫోన్లో చాలా ఫొటోలు తీసుకున్నాను. వాటిలో పిట్ట కనిపించీ కనిపించనట్టుగా ఉంటుంది, నాకు అది అక్కర్లేదు కూడా. నేను చూసుకున్నది వెలుగు ఎటు నుంచి పడుతోంది, దూరపు గుట్ట ఎంత వెలిసిపోయి కనిపిస్తోంది, నీళ్ళలో ఆకాశం ఎక్కడిదాకా ఉంది అన్నవే. పిట్ట ఒంటి వివరాల కోసం దగ్గర నుంచి తీసిన మంచి ఫొటోలు వేరే పెట్టుకున్నాను.

సీనరీకి నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. చెరువూ గుట్టలూ బట్టతోనే రావాలి, దారం పిట్ట కోసం దాచుకోవాలి. ఆకాశం నిండా కుట్లు వేసేస్తే తర్వాత పిట్ట మీద ఎంత కష్టపడ్డా అది ఎదురుగా రాదు. చూసే కన్ను ఎక్కడ ఆగాలో అక్కడే కుట్లు దట్టంగా ఉండాలి.

బట్టకు మా జిల్లాలో కరువు లేదు. పోచంపల్లి, పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయాయి గానీ, ఆ చీరలకు బ్లౌజులు కుట్టేది మేమే. మిగిలిన ముక్క కస్టమర్‌ది, అడిగే ఉంచుకుంటాను. చిటికి నేతలో, అంటే ఇకత్‌లో, ఒక గుణం ఉంది. నేయక ముందే దారాలకు ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి, మగ్గం మీదికి వచ్చేసరికి ఆ దారాలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి. రంగు అంచు గీత గీసినట్టు కాకుండా చెదిరి ఉంటుంది. చీరలో అది అందం, నాకు మాత్రం అచ్చంగా నీళ్ళు. నీలం, తెలుపు కలిసిన ఇకత్ ముక్కను అడ్డంగా తిప్పి పెడితే గాలికి కదిలే చెరువు వచ్చేసింది, కుట్టు వేసే పని లేకుండా.

గుట్టలకు ఇకత్ పనికిరాదు, డిజైన్ ఎక్కువైపోతుంది. మా నల్లగొండ గుట్టలు నల్లరాయీ కావు, ఎర్రరాయీ కావు. పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు. కోరా బట్టను టీ డికాషన్‌లో ముంచి, పిండకుండా ముడతలతోనే ఆరబెట్టాను. ముడతల దగ్గర రంగు ఎక్కువ పట్టి బండల పగుళ్ళు వచ్చాయి. దూరపు గుట్టకు అదే బట్టను మళ్ళీ ఉతికి వెలిసేలా చేసి, పైన పాత చున్నీ నెట్టు ఒక పొర పరిచాను. దూరం అనేది అంతే: రంగు తగ్గాలి, అంచు మెత్తబడాలి. దగ్గర ఉన్న వరిచేనుకే గట్టి పచ్చ వాడుకున్నాను.

వెనకది ముందు, ముందరిది చివర. ఆకాశం, గుట్టలు, అవతలి ఒడ్డు తాటిచెట్లు, నీళ్ళు, ఇవతలి గడ్డి, ఈ వరసలోనే పేర్చాలి. ఒక్కో ముక్క వెనక రెండు వైపులా అంటుకునే ఫ్యూజింగ్ షీటు పెట్టి ఇస్త్రీ చేశాను. పట్టు ముక్క మీద నూలుగుడ్డ కప్పి తక్కువ వేడి చాలు. నెట్టు మీద నేరుగా ఇస్త్రీ పెడితే కరిగి పెట్టెకు అంటుకుంటుంది. మొత్తం కింద గట్టి కాన్వాస్.

ఇక పిట్ట సంగతి. పిట్టను సీనరీ మీద నేరుగా కుట్టకూడదు. చిన్న చోట అన్ని కుట్లు పడితే చుట్టూ ఉన్న బట్టంతా దగ్గరికి లాక్కుంటుంది, చదునైన చెరువు కాస్తా ముడతలు పడుతుంది. వేరే ఆర్గాంజా (గట్టిగా నిలిచే పల్చని బట్ట) మీద కుట్టి, కత్తిరించి తెచ్చి అతికించాలి. రెండు పొరల ఆర్గాంజా, కింద పల్చని కాన్వాస్, మూడూ కలిపి రింగులో బిగించాలి. చేతి ఎంబ్రాయిడరీకి బట్ట రింగు పైభాగాన ఉంటుంది, మిషన్‌కు తిరగేయాలి. బట్ట మిషన్ పలక మీద ఆని ఉండాలి.

మిషన్ విషయంలో కొత్తవాళ్ళు ఎక్కువ తంటాలు పడేది ఇక్కడే. బట్టను ముందుకు తోసే పళ్ళను దించేయాలి. పాత నల్ల మిషన్లలో దించే ఏర్పాటు లేకపోతే పైన కవర్ ప్లేటు బిగించుకోవాలి. బట్టను నొక్కిపట్టే ఫుట్ తీసేయాలి, కానీ ఫుట్‌ను దించే లివర్ మాత్రం కిందికే ఉండాలి. లివర్ పైకుంటే పై దారానికి టెన్షన్ (బిగువు) పట్టదు, బట్ట కింద దారమంతా చిక్కుపడిపోతుంది. పై టెన్షన్ కాస్త వదులు చేస్తే కింది బాబిన్ దారం పైకి కనిపించదు. సూది 14 నంబరు వేసుకున్నాను, రేయాన్ దారం సన్న సూదిలో తెగుతూ ఉంటుంది. మొదటి కుట్టుకే కింది దారాన్ని పైకి లాగి, రెండు దారాలూ పట్టుకుని మొదలుపెట్టాలి. కాలు వేగంగా తొక్కాలి, చేయి నిదానంగా కదలాలి. ఇది తిరగబడితే సూది విరుగుతుంది. ఫుట్ ఉండదు కాబట్టి వేళ్ళు రింగు అంచున, సూదికి దూరంగా ఉండాలి.

పెంకుటిల్లు కప్పేటప్పుడు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోతాం గదా, ఈకలు కూడా అంతే. తోకతో మొదలుపెట్టి తలవైపు రావాలి. అప్పుడు పై ఈక కింది ఈక మొదలును కప్పుతుంది. తల ముందు కుట్టి తోకవైపు వస్తే ఈకలన్నీ ఎదురు తిరిగినట్టుంటాయి. ప్రతి కుట్టూ ఈక పెరిగే దిక్కునే పడాలి, పొడుగూ పొట్టీ కలిసి, అంచులు ఒకే గీత మీద ఆగకుండా.

నేను ఎగిరే పిట్టనే కుట్టాను, చెరువు దాటి పోతున్నట్టు. అప్పుడు నీలం సమస్య వచ్చింది. షాపులో దొరికే నీలాలన్నీ తెచ్చి పిట్ట ఫొటో పక్కన పెట్టినా ఏదీ కలవలేదు. సంగతేమిటంటే పాలపిట్ట ఈకలో నీలం అద్దకమే లేదు. ఈక లోపలి అతిసన్నని అల్లిక వెలుగును చెదరగొట్టడం వల్ల మనకు నీలం కనిపిస్తుంది. సి.వి.రామన్ 1930లలో ఈ పాలపిట్ట ఈకల మీదే పరిశోధన చేశారు. అదే ఈకను వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తే నీలం పోయి గోధుమ రంగు తేలుతుంది. మరి వెలుగుతో పుట్టే రంగును దారం రీలుతో ఎలా కలుపుతాం?

దానికి దారి రేయాన్ దారంలోనే ఉంది. రేయాన్‌కు మెరుపు ఉంటుంది, ఆ మెరుపు కుట్టు పడిన దిక్కును బట్టి మారుతుంది. ఒకే రీలు దారాన్ని నిలువుగా ఒక వరస, ఏటవాలుగా ఒక వరస కుట్టి కిటికీ దగ్గర పెట్టి చూడండి, రెండు రంగులని పందెం కాస్తారు. అందుకని రంగుల సంఖ్య పెంచలేదు. రెక్కలో ముదురు ఊదా నీలం, లేత ఆకాశ నీలం పట్టీలుగా వస్తాయి. ఆ రెండింటికీ మధ్య ఒక్క నడిమి నీలం, అంతే. మిగతా మార్పంతా దిక్కుతోనే. ముదురు రంగు ముందు, లేతది పైన. ఛాతీకి ఇటుక రంగులో కాస్త గులాబీ కలిసిన దారం, గొంతు మీద తెల్లని సన్న గీతలు. ఛాతీకి మెరుపు లేని నూలు దారమే వాడాను. అక్కడ మెరిస్తే రెక్క వెలవెలబోతుంది.

కన్ను మాత్రం మిషన్‌తో వద్దు, చేత్తో కుట్టాలి. నల్లని గుండ్రం, చుట్టూ మాసిన నారింజ రంగు, చివరగా తెల్ల దారంతో ఒక్క చుక్క. ఆ చుక్క వెలుగు వచ్చే వైపే పడాలి, లేకపోతే పిట్ట ఎటో చూస్తున్నట్టుంటుంది.

ఒడ్డున ఒక చిన్న తెల్లకొంగను కూడా పెట్టాను. తెల్లకొంగను తెల్ల దారంతో కుట్టేస్తే కాగితం ముక్క అతికించినట్టుంటుంది. ఒళ్ళంతా బూడిద, లేత నీలం దారాలతో కుట్టి, ఎండ తగిలే వీపు మీదే తెలుపు వేశాను. కాళ్ళు నలుపు, పాదాలు పసుపు. గడ్డిలో సగం దాగినా ఆ పసుపు కాస్త కనిపించేలా చూసుకున్నాను, చెరువు దగ్గర పెరిగిన వాళ్ళు అది వెతుకుతారు.

కుట్టడం అయ్యాక పిట్టను తువ్వాలు మీద బోర్లా పెట్టి వెనక నుంచి ఇస్త్రీ చేస్తే కుట్లు అణగవు. అంచు దగ్గరగా కత్తిరించి, సీనరీ మీద కదిపి కదిపి చూశాను. నట్టనడుమ పెడితే క్యాలెండర్ బొమ్మ అయిపోతుంది. కుడివైపు పైకి పెట్టి, అది పోయే వైపు ఆకాశం ఎక్కువ వదిలాను. రెక్కల మొదలు, పొట్ట మాత్రమే బట్టకు కుట్టాను. రెక్కల కొసలు వదులుగా లేచి ఉంటాయి, వాటి నీడ బట్ట మీద పడుతుంది.

షాపుకు వచ్చినవాళ్ళు చూసి "కంప్యూటర్ ఎంబ్రాయిడరీల గంటల అయిపోతది గదక్కా" అన్నారు. అవుతుంది, నిజమే. నాకు ఆ మిషన్ మీద కోపమేమీ లేదు, వంద బ్లౌజులకు ఒకే పువ్వు కావాలంటే నేనూ అక్కడికే పంపిస్తాను. ఒక్క పిట్ట కోసం డిజైన్ పంచింగ్ (బొమ్మను కంప్యూటర్ మిషన్ కుట్లుగా మార్చడం) చేయించి, ఒక్కో ఈకకు దిక్కు చెప్తూ కూర్చోవడం కంటే కుట్టేయడమే సులువు.

ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం దారానికి ఆనకుండా మధ్యలో సందు ఉంచమన్నాను. మిర్యాలగూడ పోయి చూస్తే ఆడబిడ్డ దాన్ని కిటికీకి సరిగ్గా ఎదురుగా పెట్టించింది. ఎండ నేరుగా పడితే ఇకత్ రంగు పోతుంది, పైగా ఎదురు వెలుగులో అద్దంలో కిటికీయే కనిపిస్తుంది గానీ దారం మెరుపు తెలియదు. పక్క గోడకు మార్పించాను. మేకు కొట్టే పిల్లవాడు విసుక్కున్నాడు. వెలుగు పక్క నుంచి వచ్చేసరికి ఆడబిడ్డ సోఫా దగ్గరి నుంచి తలుపు దాకా రెండుసార్లు నడిచి చూసి, "వదినా, గీ రెక్కల ఎన్ని రంగులు వేసినవ్?" అని అడిగింది.

"మూడే" అన్నాను. నమ్మలేదు.