కృష్ణ వెనుక జలాల్లో బురద పిట్టలు: ముందు నీటిమట్టం చూడండి

సముద్రం ఒడ్డున పిట్టలు చూసేవాళ్లకు ఆటుపోట్ల వేళలు తెలియాలి. మన పాలమూరు, నల్లగొండ దిక్కు ఆటూ లేదు, పోటూ లేదు. యాసంగికి కాలువలు వదిలి రిజర్వాయర్ తగ్గడమే మనకు ఆటు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. పేపర్లో రోజూ వేసే అంకె వీటికి దగ్గరగా ఉంటే బురద తేలదు, పోయినా లాభం లేదు. నూరు అడుగులకు ఒక అడుగు వాలున్న చోట మట్టం అడుగు తగ్గితే నూరడుగుల నేల బయటపడుతుంది. పిట్టలు వెతికేది ఆ కొత్త తడి అంచునే. ఎండకు పైన పెచ్చు కట్టిందంటే లిటిల్ స్టింట్ అనే చిన్న బురద పిట్ట ముక్కు దిగదు. అందుకే పోయిన వారం మంద ఉన్న చోట ఇవాళ ఉండదు. నీళ్లు ఎంత వెనక్కి పోతే అవీ అంత పోతాయి.

చలికాలం గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. పిట్టలు గాలికి ఎదురుగా నిలబడతాయి. పొద్దున తూర్పు ఒడ్డున కూర్చుంటే ఎండ మీ వీపుకు, వాటి ముఖం మీకు. ఇంతకంటే మంచి చోటు లేదు. గాలి మరీ జోరైతే స్టింట్లు, ప్లోవర్లు లాంటి చిన్న పిట్టలు బర్రెల గిట్టల గుంటల్లో నక్కుతాయి. ఖాళీ బురద అనుకుని లేవకండి, ఒక్కో గుంటా చూడండి. స్కోప్ (దూరపు పిట్టలను పెద్దగా చూపే దుర్భిణి) నిలిపే ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా చాపొద్దు, నేల మీద కూర్చుని చూడండి. బరువుకు సంచి వేలాడదీస్తే అది నేలకు ఆనాలి, లేకుంటే ఊగి స్కోప్‌నే కదిలిస్తుంది. స్కోప్ జూమ్ 60 రెట్లు పెట్టుకుంటే వణుకే కనిపిస్తుంది, 25 చాలు. ఎండెక్కాక నేల మీది సెగకు కాళ్ల రంగు తెలియదు, గుర్తుపట్టేది చాలాసార్లు దాంతోనే: లిటిల్ స్టింట్‌కు నలుపు, టెమింక్స్ స్టింట్‌కు పసుపుపచ్చ, రెడ్‌షాంక్‌కు ఎరుపు. వుడ్, గ్రీన్ శాండ్‌పైపర్లు లేచినప్పుడు రెక్క కింద చూడండి. గ్రీన్‌కు అక్కడ దాదాపు నలుపు.

మంద దగ్గరికి నడవొద్దు. ముందు తీతువు అరుస్తుంది, దాంతో అన్నీ లేస్తాయి. నల్లరేగడి పైకి పగుళ్లిచ్చి గట్టిగా కనిపించినా కింద మోకాలి దాకా దిగబడుతుంది; కట్టెతో పొడిచి చూడనిదే అడుగేయకండి. శ్రీశైలం వెనుక జలాల ఒడ్డున ఉన్న సోమశిల దిక్కు పుట్టిలో పోయేటట్టయితే లైఫ్ జాకెట్ తప్పదు, గాలి లేచాక ఎక్కనే వద్దు. ఫిబ్రవరి దాటితే ఇసుక దిబ్బల మీద స్మాల్ ప్రాటింకోల్, ఆ తర్వాత రివర్ టెర్న్ గుడ్లు పెడతాయి. అవి ఇసుక రంగులోనే ఉంటాయి, కాలి కింద పడేదాకా కనబడవు. అప్పటి నుంచి ఒడ్డు మీంచే చూడండి, కుక్కలను వెంట తీసుకుపోకండి.